బ్లెండెడ్ లెర్నింగ్ మొదలుపెట్టాలనుకుంటున్నారా, వీడియోల కన్నా ముందు క్లాసు సంగతి తేల్చుకోండి

యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాళ్ళు బ్లెండెడ్ లెర్నింగ్ (కొంత ఆన్‌లైన్‌లో, కొంత క్లాసులో నడిచే చదువు) మొదలుపెడదాం అనుకోగానే అడిగే మొదటి ప్రశ్న మైక్ ఏది కొనాలి, రెండోది ఎడిటింగ్‌కి ఏ యాప్ బాగుంటుంది. నేను మాత్రం ఎవరడిగినా ఒకటే చెప్తాను, వీడియో సంగతి తర్వాత చూసుకోవచ్చు, పిల్లలు ఆ వీడియో చూసి వచ్చాక క్లాస్‌రూమ్‌లో ఆ గంటసేపు ఏం చేయబోతున్నారో ముందు అది తేల్చుకోండి. ఇది తేలకుండా రికార్డింగ్‌కి కూర్చుంటే ఏమవుతుందంటే, వీడియోలో ఉన్నదే మళ్ళీ క్లాసులో చెప్తాం, రెండు వారాలు తిరిగేసరికి పిల్లలకి అర్థమైపోతుంది ఇందులో ఏదో ఒకటి మానేసినా నడుస్తుందని, అంతే, ఇంక ఆ వీడియోలు చూసేవాళ్ళుండరు.

అసలు ఏది బ్లెండెడ్, ఏది కాదు అన్నది ఒక్క నిమిషం చూద్దాం. పీపీటీలు ఎల్ఎంఎస్‌లో (పాఠాలు, క్విజ్‌లు పెట్టుకునే కోర్సు వెబ్‌సైట్‌లో) పెట్టడం బ్లెండెడ్ కాదు, అది ఫైళ్ళు పంచడం. 2020లో కరోనా టైమ్‌లో అందరం లెక్చర్లని రాత్రికి రాత్రే జూమ్‌లోకి మార్చేశాం చూడండి, అదీ కాదు, అది అత్యవసరంలో నెట్టుకొచ్చిన పని, దాన్ని చూసి ఆన్‌లైన్ చదువు ఇంతేలే అని తేల్చేయడం అన్యాయం. ఎదురెదురుగా కూర్చునే టైమ్‌లో కొంత తగ్గించి, ఆ పనిని ఆన్‌లైన్‌కి మార్చి, ఈ రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడేలా కోర్సుని మళ్ళీ అల్లుకోవడం, అదీ బ్లెండెడ్ అంటే. నేను పెట్టుకునే పరీక్ష చాలా సింపుల్: ఈ వారం ఆన్‌లైన్ పని మొత్తం తీసేస్తే మీ క్లాసు ఎప్పట్లాగే నడుస్తుందా? నడిచేటట్టయితే ఇంకా కలవలేదని అర్థం.

ఇదంతా చేస్తే ఉపయోగం ఉంటుందా అని డిపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. 2009లో అమెరికా విద్యాశాఖ చాలా అధ్యయనాల్ని కలిపి చూస్తే, క్లాస్‌రూమ్ ఒక్కటే ఉన్నచోట కన్నా రెండూ కలిపినచోట ఫలితాలు కొంత మెరుగ్గా వచ్చాయి. కానీ అదే రిపోర్టులో ఇంకో మాట కూడా ఉంది, కలిపి చెప్పిన కోర్సుల్లో చాలావరకు పిల్లలు చదువు మీద ఎక్కువ టైమ్ పెట్టారు, మెటీరియల్ కూడా ఎక్కువుంది, కాబట్టి ఆ లాభం ఆన్‌లైన్ వల్లే వచ్చిందని అనలేం అని. ఈ రెండో మాటే మనకి అసలు ముఖ్యం. 2014లో సైన్స్, ఇంజినీరింగ్, మ్యాథ్స్ కోర్సుల మీద 225 అధ్యయనాలు కలిపి చూసిన ఇంకో పరిశోధన ఉంది, కేవలం లెక్చర్ వినే క్లాసుల్లో, పిల్లల చేత పని చేయించే క్లాసులతో పోలిస్తే, ఫెయిలయ్యే అవకాశం 1.5 రెట్లు ఎక్కువని తేలింది. అంటే ఫలితం పిల్లలు చేసే పనిలో ఉంది, ఆన్‌లైన్ చేసేదల్లా ఆ పనికి క్లాసులో చోటు ఖాళీ చేసిపెట్టడం.

సరే, ఎక్కడ మొదలెట్టాలి? కోర్సు మొత్తం ఒక్కసారే మార్చొద్దు, ఈ మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. ఒక్క యూనిట్ తీసుకోండి, రెండు మూడు వారాలది. అది కూడా మీకు బాగా వచ్చిన, నోటికొచ్చిన యూనిట్ కాదు, ప్రతి సంవత్సరం పేపర్లు దిద్దేటప్పుడు ఇదే తప్పు మళ్ళీ మళ్ళీ చేస్తున్నారే అని మీకు బాధేసే యూనిట్ ఉంటుంది కదా, అది. తప్పు ఎక్కడ జరుగుతోందో మీకు ముందే తెలుసు కాబట్టి క్లాసులో ఏం చేయించాలో తొందరగా తోస్తుంది, మార్పు వచ్చిందా లేదా అన్నది పాత పేపర్లతో పోల్చి చూడొచ్చు కూడా.

యూనిట్ ఎంచుకున్నాక, అది అయిపోయేసరికి పిల్లలు ఏం చేయగలగాలి అన్నది రెండు మూడు వాక్యాల్లో రాసుకోండి. "అర్థం చేసుకోవాలి", "అవగాహన రావాలి" లాంటివి వద్దు, అవి బయటికి కనపడవు. లెక్కగట్టాలి, పోల్చాలి, తప్పు పట్టుకోవాలి, వాదించాలి, డిజైన్ చేయాలి, ఇలా కళ్ళతో చూడగలిగే పనులు రాయండి. తర్వాత ఆ పనుల్ని రెండు కుప్పలు చేయాలి. ఒక్కడే కూర్చుని, తనకి నచ్చిన స్పీడులో, కావాలంటే ఆపి మళ్ళీ చూసుకుంటూ చేయగలిగేవి ఆన్‌లైన్‌కి వెళ్తాయి: నిర్వచనాలు, ఒక పద్ధతిని మొదటిసారి చూడటం, చదవాల్సిన పేపర్, చిన్న చిన్న ప్రాక్టీస్ లెక్కలు. పక్కన ఇంకో మనిషి ఉంటేనే బాగా జరిగేవి, అంటే తప్పు ఆలోచనని బయటికి లాగడం, వాదన, గ్రూప్ పని, చేతులతో చేసే పని, మీ సమాధానం వెంటనే కావాల్సినవి, ఇవి క్లాసుకి. ఇది డిపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి చేస్తే ఇంకా బాగుంటుంది. లండన్‌లోని యూసీఎల్ యూనివర్సిటీ వాళ్ళు ఏబీసీ అని ఒక వర్క్‌షాప్ తయారుచేశారు, 90 నిమిషాల్లో కోర్సు ప్లాన్ అయిపోయేలా, అందులో నేర్చుకునే పనుల్ని ఆరు రకాలుగా విడదీస్తారు: వినడం చదవడం, వెతికి తెలుసుకోవడం, చర్చ, ప్రాక్టీస్, కలిసి పనిచేయడం, సొంతంగా ఒకటి తయారుచేయడం. ఒక్కో రకానికి ఒక్కో రంగు కార్డు. మీ దగ్గర కార్డులు లేకపోతే రంగు కాగితాలు చాలు, వారం వారీగా టేబుల్ మీద పేర్చి చూడండి, మామూలు కోర్సయితే టేబుల్ అంతా మొదటి రంగుతోనే నిండిపోతుంది, అక్కడ ఏం మార్చాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడే పెద్ద గొయ్యి ఒకటుంది. పాత కోర్సు పాతలానే ఉంచి దాని మీద వీడియోలు, క్విజ్‌లు, ఫోరమ్‌లు ఎక్కించేస్తాం, దాంతో పిల్లలకి ఒకటిన్నర కోర్సు చదివినట్టు అవుతుంది, మనకి ఒకటిన్నర కోర్సు చెప్పినట్టు అవుతుంది. కాబట్టి రూల్ పెట్టుకోండి, ఆన్‌లైన్‌లో ఒకటి చేర్చారంటే క్లాసులోంచో హోంవర్క్‌లోంచో ఒకటి తీసేయాల్సిందే. వారానికి ఒక విద్యార్థి మీ సబ్జెక్టుకి ఎన్ని గంటలు పెట్టగలడో మీ క్రెడిట్ల లెక్క ప్రకారం చూసుకుని, ఒక కాగితం మీద నిమిషాల్లో రాయండి. 15 నిమిషాల వీడియో అంటే 15 నిమిషాలు కాదు, ఆపుతారు, వెనక్కి తిప్పుతారు, నోట్స్ రాసుకుంటారు, అది అరగంట దాకా పోతుంది. ఇంగ్లీషులో పేపర్ చదవడం కూడా అంతే, మీరు 20 నిమిషాల్లో చదివేది వాళ్ళకి గంట. మిగతా సబ్జెక్టులవాళ్ళు కూడా అదే వారం ఇలాంటి పనులిస్తున్నారేమో ఒక మాట అడిగి తెలుసుకోండి, పాపం పిల్లలు అందరికీ కలిపి ఒక్కరే.

ఇప్పుడు ఒక వారం మొత్తం ఎలా నడుస్తుందో దగ్గర్నుంచి చూద్దాం. స్టాటిస్టిక్స్ తీసుకుంటా, ఎందుకంటే పి వాల్యూ (మనం ముందు పెట్టుకున్న ఊహ నిజమైతే ఇలాంటి ఫలితం గానీ ఇంతకన్నా విపరీతమైనది గానీ వచ్చే అవకాశం ఎంతో చెప్పే అంకె) దగ్గర తప్పు చేయని బ్యాచ్ ఉండదు. క్లాసు గురువారం, 60 మంది ఉన్నారనుకోండి. ఆదివారం కల్లా ఎల్ఎంఎస్‌లో రెండు చిన్న వీడియోలు పెడతారు, ఒకటి నల్ హైపోథెసిస్ (తేడా ఏమీ లేదు, అంతా మామూలే అని ముందు పెట్టుకునే ఊహ) అంటే ఏంటి, రెండోది పి వాల్యూ ఎలా లెక్కగడతారు, ఒక్కోటి ఆరు నిమిషాలు. కింద నాలుగు ప్రశ్నల క్విజ్, గడువు బుధవారం సాయంత్రం. అందులో ఒక ప్రశ్న ఇలా ఉంటుంది: నాణేన్ని 20 సార్లు ఎగరేస్తే 15 సార్లు బొమ్మ పడింది, నాణెం సరైనదే అన్న నల్ హైపోథెసిస్ కింద 15 గానీ అంతకన్నా ఎక్కువ గానీ బొమ్మలు పడే అవకాశం లెక్కగడితే పి వాల్యూ సుమారు 0.02 వచ్చింది, దీని అర్థమేంటి? ఆప్షన్లలో "నాణెం సరైనది అయ్యే అవకాశం 2 శాతం" అని ఒకటి, "నాణెం సరైనదే అయితే ఇలాంటి ఫలితం గానీ ఇంతకన్నా విపరీతమైనది గానీ వచ్చే అవకాశం 2 శాతం" అని ఒకటి. రెండోది కరెక్ట్, కానీ చాలామంది మొదటిది కొడతారు. చివర్లో ఇంకో పెట్టె ఉంటుంది, "ఇంకా ఏది తికమకగా ఉందో ఒక వాక్యంలో రాయండి" అని. నన్నడిగితే మొత్తం క్విజ్‌లో అన్నిటికన్నా విలువైనది ఆ పెట్టే.

బుధవారం రాత్రి మీరు కూర్చుని ఆ సమాధానాలు చూస్తారు, అరగంట పని. గురువారం క్లాసులోకి వెళ్ళగానే మొదటి స్లైడ్ మీద వాళ్ళ సమాధానాల గ్రాఫే పెట్టండి, పేర్లు లేకుండా, పక్కన వాళ్ళు రాసిన డౌట్లు రెండు మూడు వాళ్ళ మాటల్లోనే. తాము రాసింది సార్ చదివారు, మేడమ్ చదివారు అని వాళ్ళకి తెలిసేది అక్కడే, తర్వాతి వారం క్విజ్ చేసేవాళ్ళ సంఖ్య పెరిగేది కూడా దాంతోనే, ఎన్ని రిమైండర్ మెయిళ్ళు పెట్టినా అంత పనిచేయవు. ఆ తర్వాత అందరి చేతా నాణేలు తీయించండి. ఒక్కొక్కరు 20 సార్లు ఎగరేసి లెక్క రాసుకోవాలి, మళ్ళీ ఇంకో 20, అంటే క్లాసు మొత్తం 120 రౌండ్లు. సగటున రెండు మూడు రౌండ్లలో 15 గానీ ఆపైన గానీ బొమ్మలు పడతాయి. అలా పడినవాళ్ళని లేచి నిలబడమని, మీ నాణెం చెడ్డదా అని అడగండి. కాదు సార్, మామూలు నాణెమే అంటారు. మరి మీ పి వాల్యూ కూడా 0.02 గానీ అంతకన్నా తక్కువ గానీ కదా, నాణెం సరైనది అయ్యే అవకాశం 2 శాతమే అని నిన్న క్విజ్‌లో కొట్టారు కదా, ఇప్పుడేమంటారు? అని వదిలేయండి. అక్కడ్నుంచి పది నిమిషాలు వాళ్ళే మాట్లాడుకుంటారు, మీరు మధ్యలో దూరకుండా ఉండటమే కష్టం. ఈ నాణేల పని వీడియోలో చూపిస్తే చప్పగా ఉంటుంది, 60 మంది ఒక్కచోట ఉంటేనే దానికి ప్రాణం. అందుకే అది క్లాసుకి, నిర్వచనం ఆన్‌లైన్‌కి.

ఇలా క్లాసుకి ముందు సమాధానాలు తీసుకుని దాన్నిబట్టి క్లాసు నడపడం కొత్తేం కాదు, 1990లలోనే ఫిజిక్స్ టీచర్లు జస్ట్ ఇన్ టైమ్ టీచింగ్ అని చేశారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ మొదలుపెట్టిన పీర్ ఇన్‌స్ట్రక్షన్‌ది కూడా ఇలాంటి దారే, అందులో ఒక లెక్క మాత్రం గుర్తుపెట్టుకోండి, బాగా పనికొస్తుంది. క్లాసులో ఒక ప్రశ్న వేస్తారు, ఒక్కొక్కరు విడిగా ఓటేస్తారు. 30 శాతం లోపు మందికే సరైన జవాబు వస్తే మళ్ళీ చెప్పాల్సిందే, 70 శాతం దాటితే చిన్న వివరణ ఇచ్చి ముందుకెళ్ళిపోవచ్చు, మధ్యలో ఉంటే పక్కవాళ్ళతో వాదించుకోమని మళ్ళీ ఓటేయించాలి. ఫోన్లో పోల్ అవ్వొచ్చు, ఎ బి సి డి రాసిన కాగితాలు ఎత్తడం అవ్వొచ్చు, టెక్నాలజీ ఏదైనా తేడా లేదు.

ఇప్పుడు అందరికీ భయం పుట్టించే ప్రశ్న, వీడియో చూడకుండా వస్తే ఏం చేయాలి? వస్తారు, మొదటి రెండు వారాలు కచ్చితంగా వస్తారు. అప్పుడు మనసు కరిగి, సర్లే ఒక్క పది నిమిషాలు మళ్ళీ చెప్పేస్తాను అనిపిస్తుంది. దయచేసి చెప్పొద్దు. చెప్పారంటే చూసొచ్చినవాళ్ళకి శిక్ష వేసినట్టు, చూడనివాళ్ళకి బహుమతి ఇచ్చినట్టు. చూడనివాళ్ళని తిట్టి బయటికి పంపాల్సిన పని కూడా లేదు, ఒక మూల కూర్చోబెట్టి ఫోన్లో ఆ వీడియో చూసి వచ్చి గ్రూపులో కలవమనండి, వాళ్ళు లేని లోటు వాళ్ళకే తెలుస్తుంది. క్విజ్‌కి కొద్దిగా మార్కులు పెట్టండి, మొత్తం కలిపి 5 నుంచి 10 శాతం, అది కూడా కరెక్ట్ జవాబుకి కాదు, ప్రయత్నించినందుకు. ఇప్పుడు చాట్‌బాట్‌లో ప్రశ్న పేస్ట్ చేస్తే జవాబు వచ్చేస్తోంది కాబట్టి జవాబుకి మార్కులు పెడితే మీకు చేరేది మెషీన్ చెప్పిన జవాబు, పిల్లాడికి ఎక్కడ అర్థం కాలేదో మీకు తెలియకుండా పోతుంది. ప్రయత్నానికి మార్కులైతే అబద్ధం రాయాల్సిన అవసరం చాలావరకు తగ్గిపోతుంది.

వీడియోల గురించి ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో 69 లక్షల వీడియో సెషన్ల డేటా చూసి 2014లో రాసిన పేపర్ ఒకటుంది, వీడియో ఎంత పొడుగున్నా పిల్లలు సగటున నిలిచేది ఆరు నిమిషాల దాకానే అని. క్లాసులో రికార్డు చేసిన గంట లెక్చర్‌ని ముక్కలు కోసి పెట్టినా అంత బాగా చూడరనీ, పెన్నుతో రాస్తూ వివరిస్తే నిండు స్లైడ్ల కన్నా బాగా చూస్తారనీ కూడా అందులో ఉంది. కాబట్టి ఒక వీడియోకి ఒకే విషయం. స్టూడియో అక్కర్లేదు, ఫోన్ చాలు, కానీ సౌండ్ మాత్రం బాగుండాలి, బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా భరిస్తారు గానీ గొంతు సరిగ్గా వినపడకపోతే వెంటనే ఆపేస్తారు. ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, మైక్ నోటికి దగ్గరగా పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. మాట తడబడితే మొదట్నుంచి మళ్ళీ తీయక్కర్లేదు, క్లాసులో తడబడమా ఏంటి. అన్నీ మీరే చేయాలని కూడా లేదు, ఇప్పటికే ఎవరో బాగా చెప్పిన ఓపెన్ మెటీరియల్ ఉంటే లైసెన్స్ చూసుకుని అదే వాడండి, మీ శక్తి క్విజ్ ప్రశ్నల మీదా క్లాసు పని మీదా పెట్టండి.

అందరి దగ్గరా మంచి నెట్ ఉంటుందనుకోకండి. మొదటి వారమే ఒక చిన్న ఫారంలో అడగండి: ఏ డివైస్ వాడతావు, డేటా ఎంత, ఇంట్లో కూర్చుని చదువుకునే చోటుందా. ప్రతి వీడియోకీ డౌన్‌లోడ్ అయ్యే ఫైలు, దాని ఆడియో, రాతలో స్క్రిప్ట్ ఇవ్వండి. ఆడియో సెట్టింగ్ 64 కేబీపీఎస్ పెట్టి సేవ్ చేస్తే 10 నిమిషాల ఆడియో 5 ఎంబీ లోపే వస్తుంది, నెట్ ఎంత వీకైనా దిగుతుంది. క్యాప్షన్లు తప్పనిసరి, వినికిడి సమస్య ఉన్నవాళ్ళకే కాదు, ఇంగ్లీషు మీడియం కొత్తయినవాళ్ళకి కూడా అవే ఆసరా, ఆటోమేటిక్‌గా వచ్చినవాటిలో సబ్జెక్టు పదాలు తప్పులుంటాయి కాబట్టి ఒకసారి దిద్దండి. గడువు కూడా అర్ధరాత్రి దాకా పెట్టకండి, సాయంత్రం పెడితే నెట్ ప్రాబ్లం వచ్చినా క్యాంపస్‌లోనే ఉండి చేసుకోగలరు.

ఫోరమ్ (పిల్లలు ఆన్‌లైన్‌లో రాసుకుని చర్చించే చోటు) గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే చాలా కోర్సుల్లో దాని అవసరమే లేదు. పెడితే మాత్రం "ఈ వారం టాపిక్ మీద మీ అభిప్రాయం రాయండి" అని పెట్టకండి, 60 మంది ఒకటే రాస్తారు, 59 మంది బాగా చెప్పావు ఫ్రెండ్ అని కామెంట్ పెడతారు. ఒక కేసు ఇచ్చి, ఒక పక్షం తీసుకుని రాయమనండి, గ్రూపుకి ఆరేడుగురు మించకుండా, అందులో వచ్చిన బలమైన వాదనతోనే తర్వాతి క్లాసు మొదలుపెట్టండి.

ఏ ప్లాట్‌ఫామ్ అంటే, మీ యూనివర్సిటీలో ఏదుంటే అది. మూడుల్, కాన్వాస్, గూగుల్ క్లాస్‌రూమ్, దేనిలోనైనా ఈ పని అవుతుంది. ప్రతి వారం పేజీ ఒకేలా ఉండాలి: ముందు ఈ వారం ఏం చేయగలగాలి, తర్వాత చూడాల్సినవి నిమిషాలతో సహా, తర్వాత క్విజ్ గడువుతో, చివర క్లాసులో దీంతో ఏం చేస్తామో ఒక వాక్యం. ఆ చివరి వాక్యం రాయలేకపోతున్నారంటే ఆ వారం ఆన్‌లైన్ పనిని మళ్ళీ ఆలోచించుకోవాలి. నాలుగు చోట్ల నాలుగు లింకులు, కొన్ని వాట్సాప్‌లో, కొన్ని మెయిల్‌లో, ఇలా మాత్రం చేయొద్దు, పిల్లలు చదువు కన్నా వెతుకులాటకే ఎక్కువ అలిసిపోతారు.

పిల్లల నుంచి వ్యతిరేకత వస్తుంది, దానికి రెడీగా ఉండండి. మేమే చదువుకుంటే మీరెందుకు అంటారు, ఫీడ్‌బ్యాక్ ఫారంలో కూడా రాస్తారు. 2019లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ క్లాసుల మీద చేసిన అధ్యయనంలో, తామే పనిచేస్తూ నేర్చుకున్న పిల్లలు టెస్టులో ఎక్కువ స్కోర్ చేశారు, కానీ నీకు ఎంత నేర్చుకున్నావనిపిస్తోంది అంటే మాత్రం సాఫీగా సాగిన లెక్చర్ విన్నవాళ్ళ కన్నా తక్కువ చెప్పారు. కష్టపడి నేర్చుకుంటుంటే రావట్లేదనిపిస్తుంది, మంచి లెక్చర్ వింటుంటే అంతా వచ్చేసినట్టనిపిస్తుంది. ఈ ఫలితాన్ని మొదటి రోజే పిల్లలకి చూపించండి, ఎందుకిలా చేస్తున్నామో విప్పి చెప్పండి, సగం గొడవ అక్కడే సద్దుమణుగుతుంది. పై వాళ్ళతో కూడా ముందే మాట్లాడాలి, ముఖ్యంగా రెండు విషయాలు: తగ్గించిన క్లాసు గంట మీ వర్క్‌లోడ్‌లోంచి కోసేయకూడదని, ఇంకోటి బెంచీలు కదపలేని హాలు కాకుండా గ్రూపులుగా కూర్చునే గది కావాలని. మొదటి టర్మ్‌లో పని పెరుగుతుంది, ఇది దాచి ఎవరినీ ఇందులోకి దింపకూడదు.

యూనిట్ మొదలైన రెండో వారంలోనే పేర్లు లేకుండా మూడు ప్రశ్నలు అడగండి: నేర్చుకోవడానికి ఏది సాయపడుతోంది, ఏది అడ్డొస్తోంది, వారానికి నిజంగా ఎన్ని గంటలు పడుతోంది. టర్మ్ అయిపోయాక అడిగితే ఆ బ్యాచ్‌కి ఏ లాభమూ ఉండదు. వచ్చినవాటిలో కనీసం ఒకటి వెంటనే మార్చి, మీరన్నందుకే మార్చాను అని క్లాసులో చెప్పండి. ఎల్ఎంఎస్‌లో ఎవరు ఎన్ని నిమిషాలు చూశారనే లాగ్‌లు ఉంటాయి, వాటిని మార్కులకో మందలింపుకో వాడొద్దు, రెండు వారాలుగా అసలు లాగిన్ కాని పిల్లలెవరో చూసి, ఏమైందమ్మా అని ఒక మెసేజ్ పెట్టడానికి వాడండి. చాలాసార్లు ఏదో ఇబ్బంది ఉంటుంది, పాస్‌వర్డ్ దగ్గర్నుంచి ఇంట్లో అనారోగ్యం దాకా. యూనిట్ చివర్లో పాత పేపర్లో పిల్లలు బాగా తప్పుచేసిన ప్రశ్ననే కొంచెం మార్చి ఇచ్చి చూడండి, ఆ జవాబులు చదివాక తర్వాతి యూనిట్ ఏది మార్చాలో, ఏది లెక్చర్‌గానే ఉంచేయాలో నిర్ణయించుకోండి. వీడియోల్లో "పోయిన వారం చెప్పాను కదా", "రేపు సెలవు" లాంటి మాటలు, తేదీలు లేకుండా చూసుకుంటే మళ్ళీ సంవత్సరం అవే వాడుకోవచ్చు, మీరు కొత్తగా చేయాల్సింది క్విజ్‌లో పిల్లలు రాసిన డౌట్ల ప్రకారం క్లాసు పనిని దిద్దుకోవడం వరకే.